పది కోట్ల కిలోమీటర్ల దూరాన మరమ్మతు

ఒక కంప్యూటర్ భాష తన పరివారంతో సహా అంతరిక్ష నౌక ఎక్కింది. పరీక్ష నెగ్గింది. ఆ తర్వాత దానికి మళ్లీ పిలుపు రాలేదు.

1999 మే 18, మంగళవారం ఉదయం. కాలిఫోర్నియాలోని పాసడీనాలో, నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో ఇంజనీర్లు తెర మీది అంకెల వంక అయోమయంగా చూస్తున్నారు. భూమికి 6 కోట్ల మైళ్లకు పైగా దూరంలో, అంటే దాదాపు 10 కోట్ల కిలోమీటర్ల అవతల, డీప్ స్పేస్-1 అనే నౌక తన దారిన తాను పోతోంది. దాని అయాన్ ఇంజన్ ఈపాటికి ఆగిపోవాలి. ఆగలేదు.

అది ఆగకపోతే కొంపలు మునిగిపోవు. అయాన్ ఇంజన్ తోపు అరచేతిలో పెట్టుకున్న కాగితం బరువంత ఉంటుంది. కానీ దాన్ని ఆపాల్సింది మనిషి కాదు. ముందురోజే నౌక పగ్గాలను రిమోట్ ఏజెంట్ అనే సాఫ్ట్‌వేర్‌కు అప్పగించారు. ఏ పని ఎప్పుడు చేయాలో అదే తేల్చుకోవాలి, అదే చేయించాలి, ఏదైనా చెడిపోతే అదే కనిపెట్టి సర్దుకోవాలి. పుట్టి ఒక రోజు కూడా నిండకముందే అది ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. చచ్చిపోలేదు, ప్రాణం ఉన్నట్టు సంకేతాలు వస్తూనే ఉన్నాయి. కానీ ఆదేశాలు మాత్రం లేవు.

అంతవరకు అంతరిక్ష నౌకలను నడిపే పద్ధతి వేరు. ఫలానా గంటకు ఫలానా స్విచ్ వేయి, ఫలానా సెకనుకు కెమెరా తిప్పు అంటూ భూమి మీద పెద్ద జాబితా తయారుచేసి పైకి పంపేవారు. నౌక ఆ జాబితాను తు.చ. తప్పకుండా పాటించేది. అనుకోనిది ఏదైనా జరిగితే జాబితాను పక్కన పడేసి, సౌర పలకలను సూర్యుడి వైపు తిప్పుకుని, భూమి నుంచి కబురు వచ్చేదాకా వేచి ఉండేది. రిమోట్ ఏజెంట్ దీనికి పూర్తిగా భిన్నం. ఏం కావాలో చెబితే చాలు, ఎలా చేయాలో అదే చూసుకుంటుంది. అందులో మూడు భాగాలు. ఒకటి పథకం వేస్తుంది, ఒకటి దగ్గరుండి చేయిస్తుంది, మూడోది నౌక నాడి పట్టుకుని జబ్బు కనిపెడుతుంది. నాసా వారి ఏమ్స్ పరిశోధన కేంద్రం, జేపీఎల్ కలిసి దీన్ని తయారుచేశాయి. ఆ జట్టులో భారతీయ పేర్లూ ఉన్నాయి. జబ్బు కనిపెట్టే లివింగ్‌స్టన్ అనే భాగాన్ని రూపొందించిన ఇద్దరిలో ఒకరు పాండురంగ్ నాయక్. పథకాలు వేసే భాగం మీద పనిచేసిన వారిలో కన్నా రాజన్ ఒకరు. పథకాన్ని దగ్గరుండి నడిపించే భాగం కోసం ప్రత్యేకంగా ఒక చిన్న భాషనే తయారుచేసిన వ్యక్తి పేరు ఎరాన్ గాట్. తర్వాతి కాలంలో రాన్ గారెట్‌గా పేరు మార్చుకున్న ఈయన 1988 నుంచి జేపీఎల్‌లో రోబోలతో కుస్తీ పడుతున్న మనిషి.

ఈ మొత్తం వ్యవహారం లిస్ప్ అనే భాషలో రాశారు. గొడవంతా అక్కడే మొదలైంది.

లిస్ప్ కొత్త భాషేమీ కాదు. 1958లో జాన్ మెకార్తీ దానికి రూపం ఇచ్చారు. కృత్రిమ మేధ పరిశోధకులకు అది దశాబ్దాల పాటు ఇంటి భాష. నౌకల ఇంజనీర్లకు మాత్రం పరాయిది. వాళ్లది సీ భాష. ఈ రెంటికీ తేడా ఏమిటో చెప్పడానికి పెళ్లికి వచ్చే చుట్టాలను చూస్తే చాలు. సీ భాషలో రాసిన ప్రోగ్రామ్ చేతిసంచీతో వచ్చే బ్రహ్మచారి లాంటిది. ఎక్కడ చోటిస్తే అక్కడ సర్దుకుంటుంది, తన పక్క తానే వేసుకుంటుంది, తానే తీసుకుంటుంది. తీయడం మరిచిపోతే ఆ చోటు ఇక అంతే. లిస్ప్ ప్రోగ్రామ్ పెళ్లికొడుకు లాంటిది. పరివారం వెంట లేనిదే కదలదు. వంటవాళ్లు, వడ్డించేవాళ్లు, ఊడ్చేవాళ్లు, షామియానా వేసేవాళ్లు అందరూ రావాలి. కంప్యూటర్ పరిభాషలో ఈ పరివారాన్నే రన్‌టైమ్ అంటారు. ఇంత మందిని దించుకోవడానికి డీప్ స్పేస్-1లోని కంప్యూటర్ ఏమంత పెద్ద విడిది కాదు. రేడియేషన్‌ను తట్టుకునేలా తయారుచేసిన ఆర్ఏడీ6000 అనే ప్రాసెసర్ అది. 1999లో హైదరాబాద్‌లోని ఏ ఇంటర్నెట్ సెంటర్‌లోనైనా కనిపించే పెంటియమ్ ముందు వేగంలో వెలవెలబోతుంది.

పరివారంలో అందరికన్నా అనుమానం రేపేది ఊడ్చే మనిషి. పెళ్లి భోజనాలు గుర్తు చేసుకోండి. ఒక బంతి లేచాక విస్తళ్లు తీయాలి, నేల తుడవాలి, అప్పుడే రెండో బంతిని కూర్చోబెట్టగలరు. ప్రోగ్రామ్ వాడి వదిలేసిన మెమరీని ఏరి మళ్లీ వాడకానికి సిద్ధం చేయడం సరిగ్గా ఇలాంటి పనే. దాన్ని గార్బేజ్ కలెక్షన్ అంటారు. ప్రోగ్రామర్‌కు అది వరం, విస్తరి తీసే బాధ్యత అతనికి ఉండదు. కానీ తుడిచేంతసేపూ ఆకలితో ఉన్నవాళ్లు నిలబడాల్సిందే. ఎప్పుడు తుడుస్తారో, ఎంతసేపు తుడుస్తారో ముందుగా చెప్పలేరు. పెళ్లిలో అయితే విసుక్కుంటారు. రాకెట్ వాల్వు మూయాల్సిన క్షణంలో అయితే విసుక్కోవడానికి ఏమీ మిగలదు.

ఇక్కడే రియల్ టైమ్ అనే మాట వస్తుంది. చాలామంది దాన్ని వేగం అనుకుంటారు. వేగం కాదు, వేళ. లెవెల్ క్రాసింగ్ గేటు రైలు రాకముందే పడాలి. రైలు వెళ్లిపోయాక రెప్పపాటులో పడినా ఎవరికి లాభం? నెమ్మదిగా అయినా సరే, ప్రతిసారీ, చెప్పిన వేళకు పడే గేటే మంచి గేటు. అలా వేళ తప్పకుండా పనులు నడిపించే ఆపరేటింగ్ వ్యవస్థలలో వీఎక్స్‌వర్క్స్ పేరున్నది. పనులకు అది అంతస్తులు ఇస్తుంది. పై అంతస్తు పని రాగానే కింది పని చేతిలోది వదిలేసి తప్పుకోవాలి. డీప్ స్పేస్-1 మీద ఉన్నది ఈ వీఎక్స్‌వర్క్స్ వ్యవస్థే. దాని మీద బతకగలిగేలా హార్లెక్విన్ అనే సంస్థ వారి లిస్ప్‌ను మార్చి తెచ్చారు. క్రమశిక్షణే ప్రాణంగా ఉన్న ఇంట్లో పెళ్లివారిని దింపడం అన్నమాట.

చేసిన ఏర్పాటు మాత్రం తెలివైనది. క్షణాల్లో జరగాల్సిన పనులు, అంటే నౌకను సరైన భంగిమలో నిలపడం, ఇంజన్‌ను అదుపులో ఉంచడం వంటివి, సీ భాషలోని పాత ప్రోగ్రామ్‌ల చేతుల్లోనే ఉంచారు. లిస్ప్ పరివారం చేసేది తీరిగ్గా ఆలోచించి చెప్పే పని. అది నేల తుడుచుకుంటూ కాసేపు ఆగినా కింద రోజువారీ పనులు ఆగవు. రెంటికీ మధ్య ఒక ద్వారపాలకుడిని పెట్టారు. భూమి నుంచి ఒక్క ఆదేశం వస్తే అతను తలుపు వేసేస్తాడు, రిమోట్ ఏజెంట్ మాట ఇక నౌకకు వినపడదు. ఇంత జాగ్రత్త పడ్డాక కూడా లిస్ప్ మీద అపనమ్మకం పోలేదు. మొదట్లో రిమోట్ ఏజెంట్ నౌకను నడిపే అసలు సాఫ్ట్‌వేర్‌గా ఉండాలనుకున్నారు. ప్రయోగానికి ముందే దాన్ని కొద్ది రోజుల పాటు నడిపి చూసే పరీక్ష స్థాయికి దించారు. వేరువేరు భాషల ప్రోగ్రామ్‌ల మధ్య సందేశాలు మోసే వ్యవస్థలోని లోపాలకు కూడా లిస్పే నిందలు మోసిందని గారెట్ తర్వాత చెప్పుకొచ్చారు. పథకాలు వేసే భాగాన్ని సీ ప్లస్ ప్లస్‌లోకి మార్చే ప్రయత్నం కూడా జరిగిందని, ఏడాది తర్వాత దాన్ని వదిలేశారని ఆయనే రాశారు.

సీ భాషకు మాత్రం ఇలాంటి పరీక్షలేవీ ఎదురుకాలేదు. ఎదురుకావాల్సిన సందర్భం అప్పటికి రెండేళ్ల కిందటే వచ్చింది. 1997 జులై 4న మార్స్ పాత్‌ఫైండర్ అంగారకుడి మీద దిగింది. ప్రపంచమంతా ఎర్రనేల ఫొటోలు చూసి మురిసిపోతుండగా దాని కంప్యూటర్ ఉన్నట్టుండి తనను తానే ఆపేసుకుని మళ్లీ మొదలెట్టడం ప్రారంభించింది. అక్కడా వీఎక్స్‌వర్క్స్ వ్యవస్థే. లిస్ప్ జాడే లేదు.

జరిగింది ప్రభుత్వ కార్యాలయాలు తెలిసిన వారికి చప్పున అర్థమవుతుంది. బీరువా తాళంచెవి గుమాస్తా దగ్గర ఉంది. కలెక్టరుకు ఆ బీరువాలోని ఫైలు కావాలి, తాళం కోసం ఆగాడు. గుమాస్తా తన పని ముగించి తాళం ఇచ్చేస్తే సరిపోయేది. కానీ మధ్య స్థాయి అధికారులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి తమ పనులతో గుమాస్తాను కదలనివ్వరు. కలెక్టరు కోసమే తాళం కావాలని వాళ్లకు తెలియదు, తెలిసినా పట్టదు. చూస్తుండగానే కలెక్టరు పని గడువు దాటిపోయింది. పాత్‌ఫైండర్‌లో గుమాస్తా వాతావరణ సమాచారం సేకరించే పని. కలెక్టరు నౌకలోని సమాచార మార్గాన్ని నడిపే పని. గడువు దాటడం గమనించిన కాపలా యంత్రాంగం ఏదో ఘోరం జరిగిందనుకుని కంప్యూటర్ మొత్తాన్ని ఆపి మళ్లీ లేపేది. దీనికి ప్రయారిటీ ఇన్వర్షన్ అని పేరు. మందు అప్పటికే ఉంది. తాళం కోసం కలెక్టరు ఎదురుచూస్తున్నంతసేపు గుమాస్తాకు కలెక్టరు హోదా ఇచ్చేయడమే. ఈ ఉపాయాన్ని లూయీ షా, రగునాథన్ రాజ్‌కుమార్, జాన్ లెహోస్కీ 1990లో ప్రచురించిన పరిశోధన పత్రంలో వివరించారు. వీఎక్స్‌వర్క్స్‌లో ఆ సౌకర్యం ఉంది, కానీ ఆ ఒక్క తాళానికి దాన్ని వాడుకోలేదు. జేపీఎల్ ఇంజనీర్లు భూమి మీది నమూనాలో అదే పరిస్థితిని మళ్లీ సృష్టించి, కారణం పట్టుకుని, సవరణను అంగారకుడికి పంపారు. ఆ తర్వాత సీ భాషను వాడకూడదని ఎవరూ అనలేదు. అనక్కర్లేదు కూడా. తప్పు భాషది కాదు కదా. ఇదే న్యాయం లిస్ప్‌కు ఎందుకు దక్కలేదన్నది వేరే ప్రశ్న.

మళ్లీ డీప్ స్పేస్-1 దగ్గరికి వద్దాం. మూగబోయిన సాఫ్ట్‌వేర్‌తో ఏం చేయాలి? సీ ప్రోగ్రామ్ అయితే దాని కడుపులో ఏముందో తెలుసుకోవడం కష్టం. ముందుగా ఏ సమాచారం పంపమని రాసిపెట్టారో అదే వస్తుంది. లిస్ప్ పరివారంలో మాత్రం ఒక దుబాసీ కూడా ఉంటాడు. ఒక మాట చదువుకుంటాడు, అర్థం చేసుకుని అమలు చేస్తాడు, జవాబు చెబుతాడు, తర్వాతి మాట కోసం ఎదురుచూస్తాడు. ప్రోగ్రామ్ నడుస్తుండగానే దాన్ని పలకరించవచ్చు. నువ్వు ఎక్కడ ఆగావు, దేని కోసం చూస్తున్నావు అని అడగొచ్చు. కొత్త ఆదేశం అక్కడికక్కడే రాసి ఇవ్వొచ్చు. ప్రయోగశాలల్లో లిస్ప్ వాడేవాళ్లకు ఇది రోజూ ఉండేదే. ఇంత దూరాన, ఎగురుతున్న నౌకలో, ఆ సౌకర్యాన్ని వాడుకోవాల్సి రావడమే వింత. కాంతి వేగంతో వెళ్లినా ఒక ప్రశ్న పోవడానికి, జవాబు రావడానికి కలిపి దాదాపు 11 నిమిషాలు. పైగా ఏది పంపాలన్నా ముందు సమీక్ష, ఆమోదం. తొందరపడి ఒక్క తప్పు మాట పంపితే నౌకకు ఏమవుతుందోనన్న భయం. సుమారు 15 కోట్ల డాలర్ల ప్రాజెక్టు అది.

అడిగారు. లోపల ఉన్న పనులు ఏ స్థితిలో ఉన్నాయో నౌక చెప్పింది. మంగళవారం సాయంత్రం కాకముందే కారణం దొరికింది. లక్నో నవాబులు రైలెక్కేటప్పుడు మీరు ముందు అంటే మీరు ముందు అనుకుంటుండగా రైలు వెళ్లిపోయిందన్న కథ ఉంది. అలాంటిదే. రెండు పనులు, రెండోదాని నుంచి కబురు వస్తే కదులుదామని దేనికది కూర్చున్నాయి. కబురు ఇక రాదు. ఎందుకంటే అది ఒకసారి వచ్చి పోయింది. వచ్చిందా అని చూసి, రాలేదని నిద్రకు ఉపక్రమించే లోపు ఉన్న రవ్వంత సందులో వచ్చింది. ఆ సందును మూసి ఉంచే రక్షణ ఒకటి ఆ చోట రాయలేదు. భూమి మీద ఎన్నో గంటల పరీక్షల్లో ఒక్కసారి కూడా ఈ రెండూ ఇలా తారసపడలేదు. ఆకాశంలో తొలిరోజే పడ్డాయి.

గారెట్‌ను ఎక్కువ బాధించింది ఇంకోటి. ఆయన తయారుచేసిన చిన్న భాష అసలు ఉద్దేశమే ఇలాంటి చిక్కుముడులు పడకుండా చూడటం. దాని నియమాలకు లోబడి రాస్తే ఈ ప్రమాదం రాదు. కానీ ఒకచోట ఎవరో ఆ నియమాలను దాటి నేరుగా కింది స్థాయి లిస్ప్ సౌకర్యాన్ని వాడేశారని ఆయన చెబుతారు. గోడ గట్టిగానే కట్టారు, కిటికీ తెరిచి ఉంది. లిస్ప్ స్వేచ్ఛ ఇచ్చే భాష. ఇక్కడ మరమ్మతుకు దారి చూపిందీ, చిక్కు తెచ్చిందీ ఆ స్వేచ్ఛే. లిస్ప్ అభిమానులు మొదటి సగమే చెబుతారు, విమర్శకులు రెండో సగమే చెబుతారు.

ఈ కథలో ఇంకా ఆశ్చర్యకరమైన మలుపు ఒకటి ఉంది. పాత్‌ఫైండర్ దిగిన 1997లోనే ఏమ్స్ కేంద్రంలో క్లాస్ హావెలుండ్, మైకేల్ లౌరీ, జాన్ పెనిక్స్ రిమోట్ ఏజెంట్‌లోని ఒక భాగాన్ని స్పిన్ అనే పరికరంతో తనిఖీ చేశారు. జెరార్డ్ హోల్జ్‌మన్ బెల్ ల్యాబ్స్‌లో తయారుచేసిన స్పిన్ ప్రోగ్రామ్‌ను నడిపి చూసి ఊరుకోదు. రెండు పనులు ఏ వరసలో తారసపడినా ఏం జరుగుతుందో అన్ని దారులూ వెతుకుతుంది. అప్పుడు వాళ్లకు ఐదు తప్పులు దొరికాయి. వాటిని దిద్దారు. 1999లో నౌకను ఆపేసిన తప్పు సరిగ్గా ఆ ఐదింటిలో ఒకదానికి కవల లాంటిది, కాకపోతే వాళ్లు తనిఖీ చేయని వేరే భాగంలో ఉంది. ప్రమాదం తర్వాత ఏమ్స్ నిపుణులు పందెం కట్టినట్టుగా, కారణం ఏమిటో తమకు చెప్పవద్దని కోరి, ప్రోగ్రామ్ మాత్రమే తీసుకుని కొద్ది రోజుల్లోనే దాన్ని పట్టుకున్నారు. అంటే తప్పును ముందే పట్టే విద్య చేతిలోనే ఉంది. దాన్ని ఇల్లంతా ప్రయోగించే తీరిక లేకపోయింది.

కారణం తెలిశాక దిద్దిన ప్రోగ్రామ్‌ను పైకి పంపవచ్చు. జట్టు ఆ పని చేయలేదు. అంత అరుదైన తారసపాటు ఆరు గంటల్లో మళ్లీ జరగదని లెక్కవేసి, తప్పును అలాగే ఉంచి, మే 21 శుక్రవారం మరో చిన్న పరీక్ష నడిపారు. నిబ్బరం అంటే అదీ. ఆ రోజు కావాలనే నౌకకు ఉత్తుత్తి జబ్బులు తెప్పించారు. ఒక ఎలక్ట్రానిక్ పరికరం పనిచేయడం లేదన్నట్టు నటించారు. రిమోట్ ఏజెంట్ దాన్ని తిరిగి లేపింది. ఒక సెన్సర్ చేత అబద్ధం చెప్పించారు. నమ్మకుండా పక్కన పెట్టింది. నౌకను తిప్పే చిన్న థ్రస్టర్లలో ఒకటి బిగుసుకుపోయిందన్నారు. దాని అవసరం లేని పద్ధతికి మారింది. పెట్టుకున్న లక్ష్యాలన్నీ ఆ వారంలోనే పూర్తయ్యాయి. 1999కి నాసా ఉత్తమ సాఫ్ట్‌వేర్ పురస్కారం అందుకున్న వాటిలో రిమోట్ ఏజెంట్ ఒకటి.

పురస్కారం వచ్చింది, లిస్ప్ వెళ్లిపోయింది. రిమోట్ ఏజెంట్ నుంచి పుట్టిన ఆలోచనలు బతికాయి. పథకాలు వేసే విద్య 2004లో స్పిరిట్, ఆపర్చునిటీ రోవర్ల రోజువారీ పనులు నిర్ణయించడంలో భూమి మీద ఉపయోగపడింది. లివింగ్‌స్టన్ కొత్త రూపం, సీ ప్లస్ ప్లస్‌లో, మరో ఉపగ్రహం ఎక్కింది. నౌకలోనే కూర్చుని దూరం నుంచి పలికే లిస్ప్ దుబాసీకి మాత్రం మళ్లీ పిలుపు రాలేదు. గారెట్ 2000లో గూగుల్‌లో చేరారు. ఇవాళ ఆ సంస్థకు కాసులు కురిపించే ప్రకటనల వ్యవస్థ తొలి రూపం మీద పనిచేశారు, అదీ జావాలో. ఏడాది తర్వాత జేపీఎల్‌కు తిరిగొచ్చారు. 2002లో ఆయన రాసిన వ్యాసాలు చదివితే గుండె బరువెక్కుతుంది. లిస్ప్‌ను జేపీఎల్ ఎలా దూరం చేసుకుందో ఒకదాంట్లో చెప్పారు. మరోచోట, గూగుల్‌లో ఇతర భాషల్లో తనకన్నా చకచకా పని చేసేవాళ్లను చూశాక తన నమ్మకమే ఎలా సడలిందో దాచుకోకుండా చెప్పారు. ఒక భాష కోసం పదేళ్లకు పైగా పోరాడిన మనిషి ఆ మాట రాయడానికి ధైర్యం కావాలి.

మెమరీ సంగతి సీ ప్రోగ్రామ్‌లకూ వదల్లేదు. 2004 జనవరి 21న, అంగారకుడి మీద దిగిన పద్దెనిమిదో రోజున స్పిరిట్ రోవర్ మూగబోయింది. ఫ్లాష్ మెమరీలో ఫైళ్లు పేరుకుపోయాయి. వాటి చిట్టా పెట్టుకోవడానికే ఉన్న మెమరీ చాలక, లేచిన ప్రతిసారీ కంప్యూటర్ కూలబడి మళ్లీ లేచేది. ఊడ్చే మనిషి లేని ఇంట్లో చెత్త పేరుకుంటే జరిగేదే జరిగింది. ఫ్లాష్ మెమరీ జోలికి పోకుండా లేవమని ఆదేశం పంపి దాన్ని దారికి తెచ్చారు. రెండేళ్ల తర్వాత, అప్పటికి జేపీఎల్‌లో చేరిన హోల్జ్‌మన్, అంటే స్పిన్ సృష్టికర్తే, కీలకమైన ప్రోగ్రామ్‌ల కోసం పది నియమాలు ప్రచురించారు. ప్రోగ్రామ్ మొదలయ్యాక మెమరీ కొత్తగా అడగనే కూడదన్నది వాటిలో మూడోది. పెళ్లివారినే కాదు, బ్రహ్మచారిని కూడా రెండో విస్తరి అడగవద్దన్నారు.

అయితే రన్‌టైమ్‌లు ఆకాశాన్ని వదిలిపెట్టలేదు. పక్కదారిలో మళ్లీ ఎక్కాయి. 2021 డిసెంబర్ 25న బయల్దేరిన జేమ్స్ వెబ్ టెలిస్కోప్ ఇప్పుడు భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన ఉంది. అందులోనూ వీఎక్స్‌వర్క్స్ వ్యవస్థే. దాని మీద నడుస్తున్నది జావాస్క్రిప్ట్. అవును, వెబ్‌సైట్లలో బటన్లు మెరిపించడానికి 1995లో పది రోజుల్లో పుట్టిన ఆ జావాస్క్రిప్టే. పరికరాలతో పరిశీలనలు చేయించే ఆదేశాలన్నీ ఆ భాషలో ఉంటాయి. గడియారం చూసి కాకుండా, జరిగిన దాన్ని చూసి టెలిస్కోప్ ముందుకు సాగుతుంది. దారి చూపే నక్షత్రం దొరకకపోతే ఖాళీగా కూర్చోకుండా తర్వాతి పనికి పోతుంది. ఖగోళ కేంద్రంలోని వాళ్లు ఆ ఆదేశాలను చదివి అర్థం చేసుకోగలరు, అసలు సాఫ్ట్‌వేర్‌ను కదపకుండా మార్చగలరు. రిమోట్ ఏజెంట్ అంత తెలివి దానికి లేదు. కానీ దుబాసీని వెంట తీసుకెళ్లడంలోని లాభం అదే. ఆ దుబాసీ ప్రోగ్రామ్‌ను తయారుచేసిన నోంబాస్ అనే చిన్న సంస్థ టెలిస్కోప్ ఎగరడానికి చాలా ముందే వేరే కంపెనీలో కలిసిపోయింది. జావాస్క్రిప్ట్ సృష్టికర్త బ్రెండన్ ఐక్‌ను నెట్‌స్కేప్ సంస్థ మొదట పిలిచింది బ్రౌజర్‌లో స్కీమ్ భాష పెట్టడానికి. స్కీమ్ అంటే లిస్ప్ కుటుంబంలోని పిల్ల. ఆ లెక్కన మేనరికం పోలిక ఎక్కడో మిగిలే ఉంది.

నేల మీదైతే అడ్డే లేదు. 2013లో డేమియన్ జార్జ్ మొదలుపెట్టిన మైక్రోపైథాన్, చిన్న చిన్న చిప్‌ల మీద పైథాన్ పరివారాన్ని కుదించి కూర్చోబెట్టింది. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో కొన్ని వందల రూపాయలకు దొరికే ఈఎస్‌పీ32 బోర్డు కొని, యూఎస్‌బీ తీగ తగిలించి చూడండి. అడుగున ఫ్రీఆర్టాస్ అనే రియల్ టైమ్ వ్యవస్థ, దాని మీద మైక్రోపైథాన్. బీటెక్ ప్రాజెక్టు చేసుకునే కుర్రవాడు అందులో ఒక వాక్యం కొడతాడు, బల్బు వెలుగుతుంది. మరో వాక్యం కొడతాడు, ఆరుతుంది. చిప్‌ను ఆపక్కర్లేదు, మళ్లీ నింపక్కర్లేదు. మోటారును క్షణం తప్పకుండా తిప్పాల్సిన చోట మాత్రం నేల తుడిచే సమయం అతనికీ అడ్డు తగులుతుంది. అప్పుడు ఆ ముక్కను సీ భాషలో రాసి కిందికి దించుతాడు. డీప్ స్పేస్-1 జట్టు చేసిన పంపకమే అది, ఆ సంగతి అతనికి తెలియకపోయినా.

ఇక ఆ నౌక. 1999 నవంబర్‌లో దారి చూసే నక్షత్ర దర్శిని చెడిపోతే, కెమెరానే కళ్లుగా వాడుకునే కొత్త సాఫ్ట్‌వేర్‌ను 2000లో పైకి పంపి బతికించారు. 2001 సెప్టెంబర్ 22న బొరెల్లీ తోకచుక్క పక్క నుంచి వెళ్లి దాని గుండెకాయను ఫొటో తీసింది. అదే ఏడాది డిసెంబర్ 18న దాని ఇంజన్లు ఆపేశారు. ఎప్పుడైనా ఎవరికైనా మాట్లాడాలనిపిస్తే వినపడాలని రేడియో రిసీవర్‌ను మాత్రం ఆన్‌లోనే ఉంచారు.